లిమోన్ ఫాంటు నుంచి పుస్తకం దాకా: ఒక ప్రవాస కంబోడియా రచయిత రాతలతో నా అనుభవం

2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పని 2025 మార్చిలో పుస్తకమై చేతికొచ్చింది. రాసినాయన కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఉంటారు. కంబోడియా భాష అయిన ఖ్మేర్‌లో కథకుడు, కవి, ఫ్రెంచి నుంచి అనువాదకుడు. వయసు డెబ్బై ఆరు. ఆయన తోబుట్టువుల పిల్లలు ఇంకా కంబోడియాలోని బత్తంబాంగ్‌లో ఉన్నారు కాబట్టి అసలు పేరూ కలంపేరూ రెండూ ఇక్కడ వద్దన్నారు. లాంగ్ బీచ్‌లోని కంబోడియా వాళ్ళంతా ఆయన్ని ‘లోక్ క్రూ’ అని పిలుస్తారు, మనం మాస్టారు అన్నట్టు. నేనూ మాస్టారనే రాస్తాను.

నా పని డీటీపీ వరకే. అను అనే పాత పద్ధతి ఫాంట్లలో చిక్కుకుపోయిన తెలుగు పుస్తకాల్ని, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే, వెతికితే దొరికే యూనికోడ్‌లోకి మార్చడం చాలాకాలంగా చేస్తున్నాను. అది తెలిసి మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. ఖ్మేర్ మాట్లాడటం నాకు రాదు, అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. ఆ లిపి పల్లవుల కాలపు దక్షిణ భారత లిపి నుంచి పుట్టింది. హల్లు కింద ఒత్తు, చుట్టూ గుణింతం, వాక్యం చివర నిలువు గీత లాంటి విరామం. తెలుగువాళ్ళకి ఆ కట్టు పరాయిదేమీ కాదు. తేదీతో దొరికిన ఖ్మేర్ శాసనాల్లో మొదటిదైన అంకోర్ బొరేయ్ శాసనం 611 నాటిది. అంత వెనకటి రాత ఉన్న భాషలో యాభై ఏళ్ళ కిందటి కథ ఒక్కటి వెతకాలంటే ఎంత కష్టమో ఈ పనిలో తెలిసింది.

మాస్టారి కాగితాలు నాలుగు రకాలు. ఏ కాలానివి ఎలా ఉన్నాయో చూస్తే ఆయన బతుకు కూడా తెలిసిపోతుంది. మొదటి రకం 1975కి ముందువి, చేతిరాతలో ఒక్కటీ మిగల్లేదు. ఆయన అప్పుడు బత్తంబాంగ్‌లో ఫ్రెంచి చెప్పేవారు. 1975 ఏప్రిల్ 17న కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ సైన్యం రాజధాని నామ్‌పెన్‌లోకి వచ్చాక చదువుకున్నవాడని తెలిస్తే ప్రాణం పోయే రోజులు. కళ్ళజోడు పూడ్చిపెట్టి, రిక్షా తొక్కేవాణ్ణని చెప్పుకుని, చదువు రానట్టు నటించి బతికారు. అమెరికాలో రచయితలకి శిక్షణనిచ్చే అయోవా వర్క్‌షాప్‌లో 1968లో పట్టా పుచ్చుకుని దేశానికి తిరిగివెళ్ళిన కవి ఉ సామ్ ఊర్ కూడా ఇలాగే అక్షరం రానివాడిగా నటించి బయటపడ్డారు. తర్వాత ప్రవాసంలో ఆయన అమెరికా కవి విట్‌మన్ కవిత్వాన్ని ఖ్మేర్‌లోకి తెచ్చారు. మాస్టారికి ఆయనంటే చాలా గౌరవం.

రెండో రకం శిబిరాల నాటివి. 1979 చివర్లో సరిహద్దు దాటి థాయిలాండ్‌లోని ఖావో ఇ డాంగ్ శిబిరానికి, అక్కడి నుంచి ఫిలిప్పీన్స్‌లోని బతాన్ శిబిరానికి వెళ్ళారు. బతాన్‌లో ఆరు నెలలు ఇంగ్లీషు, అమెరికా జీవనం మీద తరగతులుండేవి. అప్పటి స్కూలు నోటు పుస్తకాల్లో పెన్సిల్‌తో రాసుకున్నారు. మూడోవి లాంగ్ బీచ్ చేరాక 1980లలో వచ్చిన చిన్న పత్రికలు. ఖ్మేర్ టైపురైటర్లు దొరికేవి కావు కాబట్టి చేత్తో అందంగా రాసి జిరాక్సు తీసి పిన్నులు కొట్టినవి. నాలుగోవి 1990లలో కంప్యూటర్ మీద కొట్టించినవి, ఫ్లాపీల్లో.

పగలు పిల్లల్ని చూసుకుని, రాత్రి డోనట్ షాపులో పని చేస్తూ, పిండి పొంగే వేళలో కౌంటర్ వెనక కూచుని రాసినవే ఎక్కువ. కొన్ని కథల మొదటి ప్రతులు డోనట్ పెట్టెల అట్టల వెనక ఉన్నాయి. జిడ్డు మరకలున్న అట్టని స్కానర్ అద్దం మీద నేరుగా పెట్టకూడదు, పలచటి పారదర్శక షీటు వేసి పెట్టాలి. లేకపోతే తర్వాతి పేజీలన్నిటి మీదా మరక అంటుతుంది.

స్కానింగు 2023 అక్టోబరు, నవంబరు నెలలు తిన్నది. పెన్సిల్ రాతకి ఫోన్ ఫొటోలు చాలవు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐ, గ్రేస్కేల్‌లో తీశాం. నలుపు తెలుపుగా తీస్తే పలచటి గీతలన్నీ ఎగిరిపోతాయి. శిబిరం నోటు పుస్తకాల కాగితం పలచన, వెనక రాత ఇవతలికి కనిపిస్తుంది. పేజీ వెనక నల్ల కాగితం పెడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. తుప్పు పట్టిన పిన్నులు లాగేముందు ప్రతి పేజీ మూలనా పెన్సిల్‌తో వరస అంకె వేయాలి, ఎందుకంటే ఆ పత్రికల్లో చాలావాటికి పేజీ నంబర్లే లేవు.

మధ్యలో ఒక ఆశ. 1973లో నామ్‌పెన్ వారపత్రికలో తన కథ ఒకటి అచ్చయిందని మాస్టారికి గుర్తు. అమెరికాలో ఆగ్నేయాసియా పుస్తకాలకి పెద్ద నిలయం కార్నెల్ విశ్వవిద్యాలయంలోని ఎకోల్స్ సేకరణ. స్థానిక గ్రంథాలయం ద్వారా అంతర్ గ్రంథాలయ అభ్యర్థన పెట్టాం. ఏడు వారాలకి స్కాన్లు వచ్చాయి, కథ లేదు. అటూ ఇటూ నెలల సంచికలు కూడా అడిగితే మరో ఐదు వారాలకి దొరికింది. ఖర్చు లేదు, ఓపిక కావాలంతే. ఎవరైనా అడిగేటప్పుడు మొదటే మూడు నెలల సంచికలూ కలిపి అడగండి. ఆ పేజీ చూసిన రోజు మాస్టారు ఏమీ మాట్లాడలేదు. పక్కనే అచ్చయిన ఇంకో కథ రాసినాయన పేరు మీద వేలు పెట్టి, “ఇతను నా క్లాసుమేటు, తిరిగి రాలేదు” అని మాత్రం చెప్పారు.

ఇక ఫ్లాపీలు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు పాతిక డాలర్ల లోపే వస్తుంది. ఫైలు మీద క్లిక్ చేసి తెరవకూడదు. ముందు ఫ్లాపీ మొత్తానికి ఇమేజ్ కాపీ తీసుకోవాలి, ఎందుకంటే పాత ఫ్లాపీ ఒక్కోసారి ఒక్కసారే చదువుకోనిస్తుంది. మూడో వంతు ఫ్లాపీలు అసలు చదవలేకపోయాం. మిగతావాటిలో ఉన్నవి పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఫైళ్ళు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరిచేది, తర్వాతి వెర్షన్లు తెరవవు. లాంగ్ బీచ్‌లో ఎంత తిరిగినా పాత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ దొరకలేదు. చివరికి విజయవాడలో డీటీపీ చేసే మిత్రుడికి పంపాను. అక్కడ అను ఫాంట్ల పుణ్యమా అని పేజ్‌మేకర్ 7 ఇంకా రోజూ నడుస్తోంది. ఆయన ఖ్మేర్ అక్షరం ముక్క తెలియకపోయినా ప్రతి ఫైలూ తెరిచి, టెక్స్టు విడిగా, పేజీ బొమ్మ విడిగా తీసి పంపారు. పేజీ బొమ్మ తప్పనిసరి. తర్వాత అక్షరం తేడా వస్తే పోల్చుకోడానికి అదే దిక్కు.

టెక్స్టు అంతా లిమోన్ ఫాంటులో ఉంది. మనకి అను ఎలాగో ఖ్మేర్ వాళ్ళకి లిమోన్ అలాగ: ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఖ్మేర్ బొమ్మలు కూర్చిన ఫాంటు. యూనికోడ్‌లో ఖ్మేర్ 1999లోనే చేరినా అచ్చు పనులు చాలాకాలం లిమోన్‌లోనే సాగాయి. కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. ఒక క్లిక్‌తో మారిపోతుందని నమ్మి వదిలేస్తే మాత్రం పుస్తకం నాశనమవుతుంది. ఈ పని 2024 జనవరి నుంచి మే దాకా పట్టింది. ఎక్కడెక్కడ దెబ్బతింటుందో వివరంగానే చెబుతాను.

లిమోన్‌లో కంటికి కనిపించే వరసలో టైపు చేస్తారు. ‘ఏ’ లాంటి గుణింతం హల్లుకి ఎడమపక్క ఉంటుంది కాబట్టి ముందు గుణింతం, తర్వాత హల్లు. యూనికోడ్‌లో హల్లే ముందు రావాలి. రేఫ ఒత్తు కూడా మన క్రావడి మొదలైనట్టే ఎడమపక్క మొదలవుతుంది, లిమోన్‌లో దాన్నీ ముందే కొడతారు. ఒకే హల్లుకి గుణింతమూ క్రావడీ రెండూ ఉంటే కన్వర్టర్ ఒక్కోసారి ఒత్తుని ముందు మాటకి తగిలిస్తుంది. ఇవి కనిపించే తప్పులు. వరస చెడితే చాలాచోట్ల చుక్కల వలయం వస్తుంది కాబట్టి పట్టుకోవచ్చు.

కనిపించని తప్పులు రెండున్నాయి. మొదటిది డ ఒత్తు, త ఒత్తు. ఖ్మేర్‌లో ఈ రెండూ చూడటానికి అచ్చంగా ఒకటే ఆకారం, యూనికోడ్‌లో వేరు. లిమోన్‌లో ఒకే కీ. ఏది ఏదో కన్వర్టర్‌కి తెలిసే దారి లేదు, నిఘంటువు చూడాల్సిందే. రెండోది మూషికదంతం అనే గుర్తు, అక్షరం మీద ఎలుక పళ్ళలా రెండు చిన్న గీతలు. ఖ్మేర్ హల్లులు రెండు వర్గాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడానికి దీన్ని వాడతారు. పైన ఇంకో గుణింతం ఉంటే ఈ గుర్తు కిందికి దిగి, సరిగ్గా ‘ఉ’ గుణింతంలా కనిపిస్తుంది. లిమోన్‌లో టైపిస్టులు అక్కడ ‘ఉ’ గుణింతమే కొట్టేవారు. కాగితం మీద తేడా తెలియదు. యూనికోడ్‌లో మాత్రం మాట తప్పు, వెతికితే దొరకదు. ప్రవాస రచయిత పుస్తకాన్ని నామ్‌పెన్‌లో ఉన్న కుర్రవాడు ఇంటర్నెట్‌లో వెతుక్కుని చదవాలన్నదే ఈ శ్రమంతా. అందుకే ఈ రెండు తప్పుల మీదే ఎక్కువ సమయం పెట్టాం. సందేహమున్న మాటలన్నీ ఒక జాబితాగా తీసి, ఒక్కోటీ ఖ్మేర్‌కి ప్రామాణికమైన చువాన్ నాత్ నిఘంటువుతో సరిచూశాం.

ఆ తర్వాత పదవిభజన. ఖ్మేర్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు. పంక్తి చివర మాట ఎక్కడ విరగాలో కంప్యూటర్‌కి చెప్పడానికి కంటికి కనిపించని ఖాళీ పెట్టాలి. ఇప్పటి ఖ్మేర్ కీబోర్డులో స్పేస్‌బార్ కొడితే పడేది అదే, కనిపించే ఖాళీ కావాలంటే షిఫ్ట్‌తో కలిపి కొట్టాలి. పాత ఫైళ్ళలో అవేమీ లేవు, ప్రతి పంక్తి చివరా ఎంటర్ కొట్టేశారు. ముందు ఆ ఎంటర్లు తీసి, విభజన ప్రోగ్రాంతో ఖాళీలు వేయించి, మళ్ళీ చేత్తో దిద్దాం. మనుషుల పేర్లనీ పాళీ మాటలనీ ప్రోగ్రాం ముక్కలు ముక్కలు చేస్తుంది.

చేతిరాతల సంగతి వేరు. పాత అచ్చుకైతే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల్ని టెక్స్టుగా మార్చే ప్రోగ్రాం, కొంత పనికొచ్చింది, పెన్సిల్ రాతకి అసలు పనికిరాలేదు. నామ్‌పెన్‌లో టైపు చేసే అమ్మాయిని కుదుర్చుకుని పేజీకి ఒక డాలరు ఇచ్చాం. బాగా చేసింది. అయితే మాస్టారు రాసిన వర్ణక్రమాన్ని బడిలో తను నేర్చుకున్న పద్ధతికి మార్చేసింది. ఖ్మేర్‌లో వర్ణక్రమం గొడవ పాతది. చువాన్ నాత్ నిఘంటువు పద్ధతి ఒకటి, దాన్ని సులభం చేయాలన్న కేంగ్ వాన్సాక్ వంటి పండితుల పద్ధతి మరొకటి. ఖ్మేర్ టైపురైటర్ కీబోర్డు రూపొందించిన ఆ వాన్సాక్ కూడా ఫ్రాన్స్‌లోనే ప్రవాసిగా 2008లో పోయారు. మాస్టారు ఏ దశాబ్దంలో రాసినదాంట్లో ఆ దశాబ్దపు పద్ధతి ఉంది. కథల్లో చువాన్ నాత్ పద్ధతికి మార్చడానికి ఒప్పుకున్నారు, శిబిరం కవితల్లో మాత్రం అక్షరం కదపొద్దన్నారు. ఇలాంటివి టైపింగు మొదలవకముందే రాసి పెట్టుకోవాలి.

ప్రూఫులకి మనుషులు దొరకడమే అన్నిటికంటే కష్టమైంది. అమెరికాలో పుట్టిన పిల్లలు ఇంట్లో ఖ్మేర్ మాట్లాడతారు, చదవలేరు. మాస్టారి అమ్మాయీ అంతే. చదవగలిగేవాళ్ళు అరవై దాటినవాళ్ళు, లేదంటే ఈమధ్యే కంబోడియా నుంచి వచ్చినవాళ్ళు. పెద్దవాళ్ళకి కంటిచూపు సమస్య. 18 పాయింట్లలో ప్రింటు తీసి ఇచ్చాం. ఇద్దరు కలిసి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రాతప్రతి చూసే పద్ధతి బాగా నడిచింది. కాకపోతే వాళ్ళు చదువుతున్నది వాళ్ళు బతికిన రోజుల గురించే. అంబలి కోసం వరసలో నిలబడ్డ కథ వచ్చినప్పుడు చదువుతున్న పెద్దావిడ పుస్తకం మూసేసి, మూడు వారాలు రాలేదు. తొందరపెట్టలేదు. అలాంటి పుస్తకానికి ప్రూఫులకని వేసుకున్న గడువు రెట్టింపు పెట్టుకోవాలి, డబ్బు ఇస్తామన్నా చాలామంది పుచ్చుకోరు కూడా. 2024 అక్టోబరు మొదట్లో ప్‌చుమ్ బెన్ వచ్చింది. మన మహాలయ పక్షాలు ఎప్పుడో అదీ అప్పుడే, పోయిన పెద్దలకి అన్నం పెట్టే పదిహేను రోజులు. ఆ పక్షమంతా ఎవరూ ప్రూఫులు ముట్టలేదు.

ఇంకో చిక్కు మాస్టారి నుంచే వచ్చింది. ప్రూఫులిస్తే అచ్చుతప్పులు వదిలేసి కథలే తిరగరాయడం మొదలుపెట్టారు. రచయితకి ఆ హక్కుంది. అయితే నలభై ఏళ్ళ కింద, భయం ఇంకా ఆరకముందు రాసిన వాక్యం మళ్ళీ దొరకదు. ఆయన అమ్మాయి ఒప్పించాక శిబిరం నాటివి ఉన్నవి ఉన్నట్టు ఉంచారు, తర్వాతి కథల్లో మార్పులు చేసుకున్నారు. ఆ నిర్ణయం సరైనదని నా గట్టి నమ్మకం.

అనువాదాలకి హక్కుల ముడి ఉంది. డోనట్ షాపు రాత్రుల్లో ఆయన మొపాసా కథలూ కమూ రచన ఒకటీ ఖ్మేర్‌లోకి చేశారు. మొపాసా 1893లోనే పోయారు, అడగాల్సిన పని లేదు. కమూ పోయింది 1960లో. ఫ్రాన్స్‌లో రచయిత మరణం తర్వాత 70 ఏళ్ళు హక్కులుంటాయి. 2024 ఫిబ్రవరిలో ఫ్రెంచి ప్రచురణకర్తకి ఉత్తరం రాశాం. జూన్‌లో ఒక ఫారం వచ్చింది: ఎన్ని ప్రతులు, ఏ ధర, ఏ దేశాల్లో అమ్ముతారు, ప్రచురణ సంస్థ ఏది. వ్యక్తులకి అనుమతి ఇవ్వరట, సంస్థే అడగాలట. అక్కడే ఆగింది. మూడేళ్ళు పట్టిన అనువాదం, దేశం వదిలిన మనిషి తన భాషని బతికించుకోడానికి చేసిన పని, ఒక ఫారంలో గడి నింపలేక పెట్టెలో ఉండిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

పేజీ కూర్పు 2024 నవంబరు, డిసెంబరులో. ఒత్తు కింద ఒత్తు, మీద గుర్తులు ఉంటాయి కాబట్టి పంక్తుల మధ్య చోటు తెలుగు కంటే ఎక్కువ కావాలి. 11 పాయింట్ల అక్షరానికి 20 పాయింట్ల లీడింగు పెట్టాం. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులన్నీ విడిపోతాయి, తెలుగు చేసేవాళ్ళకి ఇది తెలిసిందే. శీర్షికలకి ‘మూల్’ అనే గుండ్రటి అక్షరాలు సంప్రదాయం. అందంగా ఉంటాయి కానీ కొన్ని హల్లులు మామూలు రూపానికి బాగా దూరం, కుర్రవాళ్ళు తడబడతారు. అట్ట మీద మాత్రం మూల్ వాడి, లోపల శీర్షికలకి మామూలు అక్షరాలే వేశాం.

పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్య అప్పట్లో అమెరికాలో ఒకటైతే 125 డాలర్లు, పది కలిపితే 295. రెండో సంపుటి, ఈ-బుక్ ఆలోచన ఉంది కాబట్టి పదీ కొన్నాం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నంబరు ఉచితం, పుస్తకం అచ్చవకముందే అడగాలి. కాపీరైటు నమోదుకి 65 డాలర్లయింది. ఇంటర్నెట్‌లో ప్రింట్ ఆన్ డిమాండ్ చేసే ఒక సంస్థ, భాషల జాబితాలో ఖ్మేర్ లేదని ఫైలు వెనక్కి పంపింది. దగ్గర్లో ఉన్న చిన్న డిజిటల్ ప్రెస్సులో 248 పేజీలు, 300 ప్రతులకి 1,740 డాలర్లయింది. ఫైలు ఇచ్చేటప్పుడు ఫాంట్లు పీడీఎఫ్‌లో పూర్తిగా ఇమిడాయో లేదో చూసుకుని, ఒక్క ప్రతి తీయించి మాస్టారికి చూపించాకే మిగతావి వేయమన్నాం. ఆ ప్రతిలో ఒక కవిత చివరి పంక్తి తర్వాతి పేజీకి ఒంటరిగా పోయింది. అది సరిచేయడానికి ఇంకో పది రోజులు.

2025 ఏప్రిల్‌లో ఖ్మేర్ కొత్త సంవత్సరం రోజుల్లో అనహైమ్ వీధిలోని కంబోడియా టౌన్‌లో బల్ల వేసి అమ్మితే సగం పైగా పోయాయి. కొన్నవాళ్ళలో చాలామంది తాము చదవడానికి కాదు, ఇంట్లో తల్లికో తండ్రికో. ఆ వీధిలోనే ఉన్న మార్క్ ట్వేన్ గ్రంథాలయంలో పెద్ద ఖ్మేర్ విభాగం ఉంది, అక్కడ రెండు ప్రతులు ఇచ్చాం.

నామ్‌పెన్‌కి పంపడమే తేలలేదు. ఒక పుస్తకాల షాపు ముందు ఉత్సాహంగా ఒప్పుకుని, రెండు కవితల సంగతి తెలిశాక అవి తీసేసి ఇవ్వగలరా అని అడిగింది. వాళ్ళని తప్పుపట్టను. అక్కడ శిక్షాస్మృతిలో ప్రేరేపణ, అంటే జనాన్ని రెచ్చగొట్టడం, కింద వచ్చే 494, 495 అధికరణాల భయం అందరికీ ఉంది. యాసిడ్ దాడికి గురైన అమ్మాయి కథ రాసినందుకు బెదిరింపులొచ్చి కోంగ్ బున్‌ఛూన్ అంతటి రచయిత, గాయకుడు సిన్ సిసమౌత్ పాడిన ఎన్నో పాటలు రాసిన మనిషి, దేశం వదిలి నార్వేలో ఆశ్రయం పొందాల్సి వచ్చింది. మాస్టారు కవితలు తీయనన్నారు. వెళ్ళేవాళ్ళ సూట్‌కేసుల్లో నాలుగేసి ప్రతులు వెళుతున్నాయి. టెక్స్టు యూనికోడ్‌లో ఉంది కాబట్టి కథలు మాత్రం విడివిడిగా ఇంటర్నెట్‌లో పెట్టాం, అక్కడి నుంచి చదివినవాళ్ళు తప్పులు చూపిస్తూ రాస్తున్నారు. వాటిలో మళ్ళీ త ఒత్తు, డ ఒత్తు తప్పులే ఎక్కువ. అవి దిద్దిన ఫైలు సిద్ధమైంది. కమూ అనువాదం కోసం మాస్టారి పిల్లలు లాంగ్ బీచ్‌లో చిన్న ప్రచురణ సంస్థ రిజిస్టరు చేశారు, ఆ పేరుతో ఫారం నింపి జులైలో ఫ్రాన్స్‌కి పంపాం.